చీకట్లో కదలని పిల్ల

ఈ సంగతి నేను ఎప్పుడో రాయవలసింది. నాకు రాయడం రాక రాయలేదు. కళ్ల దవాఖానలో ఆయాగా పనిచేసినన్నాళ్లూ వేలిముద్రే వేశాను. గోడకు తగిలించిన అక్షరాల పటాన్ని రోజూ పొద్దున గుడ్డతో తుడిచేదాన్ని. పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి. వాటిలో ఒక్కటీ నాకు తెలియదు. కింది వరస చదవలేక తడబడేవాళ్లను చూసినప్పుడల్లా, నాకైతే పై వరస కూడా రాదు కదా అని లోపల నవ్వుకునేదాన్ని.

రిటైరయ్యాక చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటింటి పని చూసుకోవడానికి చేరాను. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే మీరే నన్ను అన్నం బల్ల దగ్గర కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. ఇప్పుడు మీరే, ‘అమ్మమ్మా, మీ ఉద్యోగంలో మరిచిపోలేని సంగతి ఒకటి రాయండి’ అంటున్నారు. మరిచిపోలేనిది ఒకటుంది. అది గొప్పగా చెప్పుకునేది కాదు. అయినా మీకే రాస్తున్నాను. ఇందులోని పిల్ల ఇప్పుడు మీ వయసుది.

దవాఖాన దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉండేది. నా పని చీకటి గదిలో. కంటి వెనక ఒక తెర ఉంటుంది. దాని మీద వెలుగు పడినప్పుడు సన్నని కరెంటు పుడుతుంది. ఆ కరెంటును పట్టి గీతగా గీసే మిషన్ మా గదిలో ఉండేది. గుండెకు ఈసీజీ తీసినట్టే ఇది కంటికి. పేషెంటు కంట్లో చుక్కలు వేసి, చాలాసేపు చీకట్లో కూర్చోబెడతారు. కన్ను చీకటికి అలవాటు పడ్డాక రెప్ప కింద వెంట్రుక లాంటి దారం ఆనించి, పెద్ద గిన్నె లాంటి దానిలోకి చూడమని, అందులో వెలుగు మెరిపిస్తారు. ముందు మసకగా, తర్వాత గట్టిగా. మెరుపు మెరుపుకీ తెర మీద గీత కిందికి దిగి, మళ్లీ గుట్టలాగా పైకి లేస్తుంది.

పెద్దవాళ్లకు నాతో పనిలేదు. పిల్లల కోసమే నేను. చీకట్లో వాళ్లు ఏడవకుండా, చేతులతో కళ్లు నలుపుకోకుండా ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చెప్పాలి. తల్లులను లోపలికి రానిచ్చేవాళ్లం కాదు. వాళ్ల ఫోను ఒక్కసారి వెలిగినా అప్పటిదాకా కూర్చున్నదంతా వృథా. పైగా తల్లి భయపడితే పిల్ల కూడా భయపడుతుంది. అందుకే తల్లి బయట బెంచీ మీద, నేను లోపల.

మా టెక్నీషియన్ విజయవాడ వైపు కుర్రాడు. చీకట్లో అతని గొంతు మాత్రమే వినబడేది.

“ఆయమ్మా, మీ కథలో రాక్షసుడు చచ్చాడా? వాడు చస్తేగానీ నేను లైటు కొట్టను.”

“ఇంకా చావలే సార్. ఏడు సముద్రాలు దాటాలె.”

“త్వరగా దాటించండి. నాకు నిద్రొస్తోంది.”

మా డాక్టరమ్మది కూడా కోస్తా. నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆమెకు ఒక బెంగ ఉండేది. చంటిపిల్లల గీతలు చూసినప్పుడల్లా తల పట్టుకునేది. ఒకరోజు నాకు అర్థమయ్యేలా చెప్పింది.

“అప్పుడే పుట్టిన పిల్లల కంట్లో ఈ కరెంటు బాగా తక్కువుంటుంది, ఆయమ్మా. పెరిగేకొద్దీ గీత లేస్తుంది. బడికెళ్లే వయసుకి దాదాపు మనంత అవుతుంది. అయితే ఏ వయసుకి ఎంత లేవాలి? పుస్తకాల్లో ఉన్నవి ఎక్కడివో పిల్లల కొలతలు, వేరే మిషన్ మీద తీసినవి. మన మిషన్ మీద మన పిల్లల కొలత లేకపోతే, ఎవరిది తక్కువో నేనెలా చెప్పను?”

అందుకు ఏ జబ్బూ లేని పిల్లలు కావాలి. చంటివాళ్ల నుంచి పదేళ్లు దాటినవాళ్ల దాకా, ప్రతి వయసువాళ్లూ కావాలి. మంచి కళ్లున్న పిల్లను దవాఖానకు ఎవరు తెస్తారు? టెక్నీషియన్ తన అక్క కొడుకును తీసుకొచ్చాడు. వాడు ఏడ్చిన ఏడుపుకు కింది అంతస్తులో ఉన్న పేషెంట్లు లేచి నిలబడ్డారు. ఆ తర్వాత అందరూ నావైపు చూశారు.

మా ఇల్లు ఎల్‌బీ నగర్ చౌరస్తా వెనక గల్లీలో. ఇంటికి ముగ్గురు పిల్లలుండే గల్లీ అది. ఒక ఆదివారం డాక్టరమ్మే స్వయంగా వచ్చి, మా ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఆడవాళ్లకు అంతా చెప్పింది.

గల్లీలో అందరికన్నా పెద్దావిడ అడిగింది. “కండ్లల్ల కరెంటు పెడ్తరా, తల్లీ?”

“పెట్టమండీ. ఉన్నదాన్నే చూస్తాం.”

“ఉన్నది చూసుడెందుకు? పోయినంక చూడరాదు?”

అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వినవాళ్లు పిల్లలను పంపుతారని నాకు తెలుసు. పంపారు.

ఆదివారాలు ఆటోలో పిల్లలను తీసుకుపోయేదాన్ని. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్విపోసిన రోజులవి. కొత్తపేట దాటేసరికే పిల్లలు బిస్కెట్లన్నీ తినేసేవాళ్లు. పరీక్ష అయ్యాక రంగు పెన్సిళ్ల డబ్బా ఇచ్చేవాళ్లం. తిరుగు దారిలో, “నాకే ఎక్కువ కరెంటున్నది” అంటే “పోరా, నాకే ఎక్కువ” అని ఒకటే పోట్లాట.

టెక్నీషియన్ గోడ మీద ఒక పెద్ద కాగితం అతికించాడు. ఒక్కో పిల్లకు ఒక చుక్క. చంటివాళ్ల చుక్కలు ఎడమ పక్కన కింద ఉండేవి. వయసు పెరిగేకొద్దీ పైకి ఎక్కేవి. నాకు అక్షరాలు రాకపోయినా ఆ ఎక్కుడు అర్థమయ్యేది. చుక్కలన్నీ కలిపి చూస్తే బాలాపూర్ గుట్ట ఎక్కుతున్నట్టుండేది. మా గల్లీ పిల్లల గుట్ట అది. అంత గర్వం నాకు ఆ ఉద్యోగంలో ఇంకెప్పుడూ కలగలేదు.

మా ఇంటిని ఆనుకునే ఒక ఇల్లుంది. ఆ ఇల్లాలు నాకన్నా చాలా చిన్నది. నన్ను అక్కా అనేది. భర్త పండ్ల మార్కెట్‌లో హమాలీ, ఆమెకు సొంత మేనబావే. వాళ్లకు ఒక్కతే కూతురు. అప్పటికి రెండో తరగతో మూడో తరగతో చదువుతోంది. మా రెండిళ్ల మధ్య గోడ ఉన్నా లేనట్టే. ఆమె కూర వండితే గిన్నె గోడ మీది నుంచి నా వైపుకు వచ్చేది.

ఆ రోజుల్లో కరెంటు ఊరికే పోయేది. పొద్దుగూకాక పిల్లలు గల్లీలో ఆడుకుంటుంటే ఒక్కసారిగా చీకటయ్యేది. పిల్లలకు అదే పండగ. కేకలు వేసుకుంటూ ఒకరినొకరు తరుముకునేవాళ్లు. ఆ పిల్ల మాత్రం ఎక్కడున్నది అక్కడే కూర్చునేది. కరెంటు వచ్చేదాకా కదిలేది కాదు. మేమంతా ఆమెను చూపించి మా పిల్లలను తిట్టేవాళ్లం. “గా పిల్లను చూసన్న బుద్ధి తెచ్చుకోండ్రి!”

చీకటి గదికి అంతకన్నా తగిన పిల్ల ఎక్కడ దొరుకుతుంది? నేనే గోడ దగ్గరికి పోయి అడిగాను.

“నీ బిడ్డను పంపుతవా? చీకట్ల కుదురుగ కూసుండే పిల్ల కావాలె.”

“తీస్కపో అక్కా,” అంది ఆ తల్లి నవ్వుతూ. “మా బిడ్డ ఇటు అటు కదిల్తే నన్నడుగు.”

ఆ ఆదివారం గదిలో లైటు తీశాం. మిగతా పిల్లలు మొదట నన్ను గట్టిగా పట్టుకునేవాళ్లు. కాసేపయ్యాక, మూలనున్న గుడ్డిదీపానికే ఒక్కొక్కటీ కనబడుతుంటే, “పెద్దమ్మా, గదేంది? మిషన్‌కు కాళ్లున్నయ్!” అని మొదలుపెట్టేవాళ్లు. వాళ్ల నోరు మూయించడానికే నా కథలు. ఈ పిల్ల ఏమీ అడగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు కథ కూడా చెప్పనవసరం లేకపోయింది. హాయిగా ఉందనుకున్నాను.

టెక్నీషియన్ దారం ఆనించి, మసక వెలుగు మెరిపించాడు. మళ్లీ మెరిపించాడు.

“దారం జారినట్టుంది. చూడండి ఆయమ్మా.”

చూశాను. జారలేదు. దారం మార్చాడు. తీగలన్నీ పీకి మళ్లీ పెట్టాడు. గీత నేల మీద గీసినట్టు పడుకునే ఉంది.

“మిషన్ ఖరాబైందా సార్?”

“ఏమో. మీరొకసారి కూర్చోండి.”

పిల్లను కుర్చీలోంచి దింపి నేను కూర్చున్నాను. నా ముసలి కన్నుకు గీత లేచింది. అతను పిల్లను మళ్లీ కూర్చోబెట్టి గట్టి వెలుగుతో చూశాడు. అప్పుడు గీత కొద్దిగా, వయసుకు తగనంత కొద్దిగా లేచింది. అతను వెళ్లి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు.

ఆమె నుదుటికి దీపం కట్టుకుని పిల్ల కళ్లలోకి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను అడిగింది.

“రాత్రిపూట ఈ పిల్ల ఎలా తిరుగుతుంది, ఆయమ్మా?”

“తిరగదు మేడం. మస్తు బుద్ధిమంతురాలు. కరెంటు పోతే ఉన్న కాడ్నే...”

డాక్టరమ్మ నన్నే చూస్తోంది. నేనన్న మాట నాకే అప్పుడు వినబడింది. గల్లీ అంతా కలిసి ఇన్నేళ్లుగా మెచ్చుకున్నది ఈ పిల్ల బుద్ధిని కాదు. ఆమెకు చీకట్లో ఏమీ కనబడదు.

గోడ మీది కాగితంలో మా గల్లీ పిల్లల చుక్కలన్నీ పైకి ఎక్కుతున్నాయి. టెక్నీషియన్ ఆ పిల్ల చుక్క పెట్టలేదు. పెడితే చంటివాళ్ల కన్నా కింద పడేది. ఏ వయసుకు గీత ఎంత లేవాలో మాకు నేర్పింది ఆమెతో ఆడుకునే పిల్లలే. వాళ్ల గీతల పక్కన పెట్టాకే ఈమెది ఎంత తక్కువో తేటగా తెలిసింది.

మర్నాడు తల్లిని నేనే తీసుకెళ్లాను. ఎందుకో దారిలో చెప్పలేదు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పింది.

“మసక వెలుతుర్లో చూసే శక్తి పాపకి లేదమ్మా. పుట్టుకతో వచ్చిందే. కొందరికి ఇంతటితో ఆగిపోతుంది. కొందరికి మెల్లగా పగటి చూపు కూడా తగ్గుతుంది. పాపది ఏదో ఇవాళే చెప్పలేను. ఏడాదికోసారి తీసుకొస్తే గీత చూసి చెప్తాను. దీనికి మందు లేదు. కానీ పొద్దుగూకాక ఒంటరిగా పంపొద్దు. బళ్లో ముందు కూర్చోబెట్టమనండి. ముందే తెలిస్తే చాలా చెయ్యొచ్చు.”

ఆ తల్లి అంతా విన్నది. లేచి నిలబడింది. డాక్టరమ్మతో కాదు, నాతో అంది.

“మంచిగున్న పిల్లను ఇచ్చిన గదా అక్కా, నీ చేతికి. మంచిగున్న పిల్లనే తీస్కపోత.”

ఆ సాయంత్రానికే గల్లీ అంతా తెలిసింది. కంట్లో దారం పెట్టినాకనే చూపు పోయిందని ఒకరు, మిషన్ కరెంటు గుంజుకుందని ఒకరు. తర్వాతి ఆదివారం ఆటో వచ్చి నిలబడింది. ఒక్క పిల్ల కూడా ఎక్కలేదు. డాక్టరమ్మ ఇంకొకసారి వస్తానంది. నేనే వద్దన్నాను. గోడ మీది కాగితంలో గుట్ట నడుమ ఖాళీలు అట్లాగే ఉండిపోయాయి. కొన్నాళ్లకు టెక్నీషియన్ దాన్ని తీసి చుట్టచుట్టి బీరువా మీద పెట్టాడు. ఆ గదిలో రాక్షసుడి కథ మళ్లీ ఎవరూ అడగలేదు.

గోడ మీద గిన్నెలు ఆగిపోయాయి. నేను పలకరిస్తే ఆమె తలుపు వేసుకునేది. దాన్ని నేను భరించగలిగేదాన్నే. భరించలేకపోయింది ఇంకొకటి. తన బిడ్డకు ఏమీ లేదని గల్లీకి చూపించడానికి ఆ తల్లి, పొద్దుగూకాక కావాలనే ఆమెను దుకాణానికి పంపడం మొదలుపెట్టింది. పాల పాకెట్టుకు ఒకసారి, అగ్గిపెట్టెకు ఒకసారి. తను గడపలో నడుముకు చేతులు పెట్టుకుని నిలబడేది. ఆ పిల్ల గోడలు తడుముకుంటూ, దీపం ఉన్న ఇంటి దగ్గర త్వరగా, లేని ఇంటి దగ్గర ఆగి ఆగి పోయేది. ఎవరైనా, “ఎటు పోతున్నవే?” అంటే నవ్వేది.

నేను మొదట వెనకే పోయాను. ఆ తల్లి కేక వేసింది. “నా బిడ్డ ఎనక తిరుగకు! ఇంక నీకేం గావాలె?” తర్వాత నేను మా గుమ్మంలోనే నిలబడేదాన్ని. ఇటు నేను, అటు ఆమె, నడుమ ఆ పిల్ల. ఇద్దరం ఆ పిల్లనే చూసేవాళ్లం. ఇద్దరిలో ఒక్కరం కూడా ఆమెతో మాట్లాడలేదు. డాక్టరమ్మ తల్లికి చెప్పింది. తల్లి బిడ్డకు చెప్పలేదు. నేను, ఇది తల్లి చెప్పవలసిన మాట కదా అనుకున్నాను. గల్లీవాళ్లు ఆమె ముందు ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. ఎవరి కళ్ల గురించి ఇంత గొడవ జరిగిందో ఆ పిల్లకు మాత్రం ఏమీ తెలియదు. ఒక వానాకాలం, ఒక చలికాలం అట్లాగే పోయాయి.

ముందే చెబుతున్నాను, మీరు కంగారు పడకండి. చివరికి ఆ తల్లి బిడ్డను దవాఖానకు తెచ్చింది. తర్వాత ఏటా తెచ్చింది. ఆ పిల్లది ఆగిపోయే రకం కాదు. పక్క చూపు మెల్లగా తగ్గుతూ వచ్చింది. అయినా చదువుకుంది. ముందు నుంచే తెలుసు కాబట్టి బడిలోనూ కాలేజీలోనూ ఎట్లా చదవాలో నేర్పినవాళ్లు దొరికారు. ఇప్పుడు వాళ్లు గల్లీ వదిలి హయత్‌నగర్ వైపు పోయారు. తల్లి నాతో అవసరానికి మాట్లాడింది గానీ, అక్కా అని మళ్లీ పిలవలేదు. ఆ ఏడాది ఆలస్యానికి మందు చేజారిందని కాదు నా బాధ. మందు అప్పుడూ లేదు. ఆ ఏడాదంతా ఆ పిల్ల ఏమనుకుంటూ బతికిందో తెలిశాక కలిగిన బాధ ఇది.

ఆ చలికాలం పోయి ఎండాకాలం వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం ఆ పిల్ల పెరుగు పాకెట్టు పట్టుకుని దుకాణం నుంచి వస్తోంది. గల్లీ నడుమ ఉండగా కరెంటు పోయింది. ఎప్పటిలాగే అక్కడే కూర్చుంది. చౌరస్తా వైపు నుంచి ఒక బండి మలుపు తిరిగి లోపలికి వచ్చింది. బండి వెలుగులో ఆ పిల్ల తల ఒక్క క్షణం కనబడింది. నేను అరిచాను. బండి గోడకు రాసుకుని పడిపోయింది. నడిపే అబ్బాయి లేచి, “రోడ్డు మీద కూసునుడేంది? సచ్చేటోళ్లం ఇద్దరం!” అని వణికిపోతూ తిట్టాడు. పిల్లకు మోకాలు చీరుకుపోయింది, అంతే. పెరుగు అంతా బట్టల మీద పడింది.

తల్లి పరుగున వచ్చి, అందరి ముందూ బిడ్డను రెండు దెబ్బలు వేసింది. “లేసి ఉరుకరాదే? అందరు ఉరుకుతలేరా? నీకేమైంది?” ఆమె గొంతులో కోపం కన్నా వేరేది ఎక్కువుంది. పిల్ల ఏడవలేదు. తల్లి కొంగు పట్టుకుని లోపలికి పోయింది. తలుపు పడింది.

మర్నాడు పొద్దున డ్యూటీకి బయలుదేరుతుంటే ఆ పిల్ల నల్లా దగ్గర మోకాలు కడుక్కుంటోంది. బస్సు పోతే పోయిందని సంచి పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చున్నాను.

“బిడ్డా, కరెంటు పోతే ఎందుకు కూసుంటవు?”

ఆమె చుట్టూ చూసి, మెల్లగా చెప్పింది. “నాకు భయం, పెద్దమ్మా. అమ్మకు చెప్పకు.”

“ఏం భయం?”

“చీకట్ల ఏం కనవడది గద. అయినా వాళ్లు ఉరుకుతరు. గుద్దుకుంటమని భయపడరు. నాకే ధైర్యం లేదు.”

చీకట్లో ఎవరికీ కనబడదనీ, అందరూ కనబడకుండానే ఉరుకుతున్నారనీ, తనొక్కతే పిరికిదనీ ఆ పిల్ల అనుకుంటూ ఉంది. మేము బుద్ధి అన్నాం, తను భయం అనుకుంది.

“వాళ్లకు కనవడ్తది, బిడ్డా,” అన్నాను. “జరంత సేపైనంక చీకట్ల గూడ అందరికి కొంచెం కనవడ్తది. నాకు గూడ. నీ కండ్లకే కనవడదు. నువ్వు పుట్టినప్పటి నుంచి గంతే. అండ్ల నీ తప్పు లేదు.”

ఆమె చేతిలోని నీళ్లు కారిపోయాయి.

“నిజంగ కనవడ్తదా? గోడ గూడ?”

“గోడ గూడ.”

“మరి నేను పిరికిదాన్ని గాదా?”

“కనవడకుండ దుకాణం దాక పొయ్యొచ్చినవ్. ఈ గల్లీల నీ అంత ధైర్యం ఎవరికున్నది?”

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది. కంటి చూపు సంగతి ఆమెకు పట్టనే లేదు. పిరికిది కాదన్న ఒక్క మాట చాలింది. ఆ మాట చెప్పడానికి మాకు ఇంత కాలం పట్టింది.

“గీ ముచ్చట అమ్మకు చెప్పు పెద్దమ్మా,” అంది. “నేను చెప్తే నమ్మది.”

నేను లేచి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, వాళ్ల తలుపు కొట్టాను.